అత్తయ్యకు చూపించిన హిమానీనదం

మా అత్తయ్య తెనాలి దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్పై ఏళ్ళ పైచిలుకు సోషల్ చెప్పి రిటైరయ్యారు. సోషల్ అన్నమాటే గానీ ఆవిడ ప్రాణమంతా భూగోళంలోనే. చరిత్ర వచ్చిందంటే "చచ్చినవాళ్ళ గొడవలు మనకెందుకురా" అని గబగబా ముగించేసి, నదుల పాఠానికి పరిగెత్తేవారట. ఆ నదుల్లో కూడా హిమానీనదమంటే మరీ మోజు. గడ్డకట్టుకుపోయినా కదిలే నది, కొండల్ని కోసుకుంటూ పోయే నది అని రంగుసుద్దలతో బోర్డు నిండా బొమ్మ వేసి చెప్పేవారట. వినేది ఎవరు? మే నెల ఎండల్లో పుట్టి పెరిగిన పిల్లలు. రంపపు పొట్టులో కప్పిపెట్టిన ఐసుదిమ్మ తప్ప ఇంకో మంచుగడ్డ ఎరగని వాళ్ళు. ఆ మాటకొస్తే ఆవిడ ఎరిగిందీ అంతే.

అందుకే సిడ్నీలో, క్వేకర్స్ హిల్‌లోని మా ఇంట్లో అడుగుపెట్టిన మొదటి వారమే కొడుకుతో అన్నారు. "అబ్బాయ్, కళ్ళుండగా ఒక్క హిమానీనదం చూపించరా. ఇంకేమీ అడగను."

కళ్ళుండగా అనడం ఊరికే కాదు. ఆవిడకు పాతికేళ్ళుగా షుగర్. అది కళ్ళలోకి దిగింది. లోపలి పొరలో నీరు చేరి వాస్తుంటే, గుంటూరులో డాక్టరు నెలనెలా కంట్లోకే ఇంజెక్షన్ ఇస్తున్నారు. వినడానికే నాకు ఒళ్ళు జలదరించేది. ఆవిడ మాత్రం "చీమ కుట్టినట్టుంటుంది, అంతే" అనేవారు. ఒక్కటి కూడా మానకూడదని, మానితే పోయిన చూపు తిరిగి రాదని ఆ డాక్టరు గట్టిగా చెప్పారు. మూడు నెలలకు ఆస్ట్రేలియా వెళ్తున్నానంటే మొహం చిట్లించి, అక్కడైనా వేయించుకోవాలని చీటీ రాసిచ్చారట. ఆ చీటీని నేనే మా ఫ్రిజ్ తలుపుకు అయస్కాంతంతో అంటించాను.

ఆవిడ మే నెలలో వచ్చారు. మా అమ్మాయికి అప్పటికి నాలుగు నెలలు. ఆగస్టులో ఆవిడ తిరిగి వెళ్ళాలి, ఆగస్టులోనే నేను ఉద్యోగంలో తిరిగి చేరాలి. పిల్లను పెట్టడానికి చైల్డ్‌కేర్‌లో చోటు దొరకలేదు. ఎక్కడ అడిగినా వెయిటింగ్ లిస్టే. నా ఉద్యోగం అంటే నాకు ఎంత ఇష్టమో చెప్పినా ఎవరూ నమ్మరు. పరమటాలో ఒక ఆఫీసులో అంకెలు చూసే పని, అందులో ఇష్టపడటానికేముంది అంటారు. కానీ ఆ కుర్చీలో కూర్చుంటే నేను నేనులా ఉంటాను. ఇంట్లో కూర్చుంటే అందరి మీదా విరుచుకుపడతాను. కాబట్టి ఒక పొద్దున కాఫీ ఇచ్చి అడిగాను. "ఇంకో మూడు నెలలు ఉండండి అత్తయ్యా. వీసా ఎలాగూ ఏడాదికుంది, టికెట్ మార్చుకుంటే చాలు."

"ఉంటాలే అమ్మాయ్," అన్నారు. కాఫీ గ్లాసు కింద పెట్టి, "మరి ఇంజెక్షనో?" అన్నారు.

"చూద్దాం అత్తయ్యా. ఇక్కడంత తేలిక కాదు. ముందు జీపీ, అంటే మామూలు డాక్టరు దగ్గరికెళ్ళాలి, ఆయన రాస్తే స్పెషలిస్టు, ఆ స్పెషలిస్టు అపాయింట్‌మెంట్ దొరకడమే గగనం. పాత జబ్బు కాబట్టి ఇన్సూరెన్స్ వాళ్ళు కూడా ఒప్పుకోరు."

నేను చెప్పింది అబద్ధం కాదు. కానీ ఒక్క ఫోన్ కూడా చెయ్యలేదు. డబ్బు లేక కాదు, తీరిక లేక. వచ్చేవారం, వచ్చేవారం అనుకుంటూ ఉండిపోయాను. ఆవిడ మళ్ళీ అడగలేదు. అడగనివాళ్ళకు అవసరం లేదనుకోవడం ఎంత సుఖమో!

అక్టోబరులో మా ఇద్దరికీ మువ్వల దగ్గర పోట్లాట వచ్చింది. పిల్ల అప్పుడే పాకడం మొదలుపెట్టింది. ఆవిడ ఊరినుంచి తెచ్చిన వెండి పట్టీలు దానికి తొడిగారు. గుత్తులు గుత్తులుగా మువ్వలు. వారంలో రెండు రోజులు నేను ఇంటినుంచే పని చేస్తాను. మీటింగులో ఉండగా గల్లుగల్లుమని ఒకటే మోత. మా మేనేజరు "ఈజ్ దట్ ఎ రెయిన్‌డీర్?" అని నవ్వాడు, క్రిస్మస్ తాత బండిని గంటలతో లాగే దుప్పి అన్నమాట. నాకు తల కొట్టేసినట్టయింది. లేచి వెళ్ళి పట్టీలు ఊడదీసి సొరుగులో పడేశాను. సాయంత్రానికి మళ్ళీ పిల్ల కాళ్ళకే ఉన్నాయి. మళ్ళీ తీశాను. మళ్ళీ తొడిగారు.

"అత్తయ్యా, ఇదేమన్నా డాన్సు స్కూలా?" అని అరిచాను.

"ఆడపిల్ల ఇంట్లో తిరుగుతుంటే ఆ మాత్రం చప్పుడుండాలే," అన్నారు. ఎప్పుడూ ఎదురుచెప్పని మనిషి ఆ ఒక్క విషయంలో మాత్రం మొండికేశారు. చాదస్తం అనుకుని వదిలేశాను. రెండు రోజులు ముఖం మాడ్చుకుని తిరిగాను కూడా.

నవంబరు చివర్లో ఆవిడ ప్రయాణం. అంతలోకి మా ఆయనకు హిమానీనదం సంగతి గుర్తొచ్చింది. న్యూజిలాండ్ తీసుకెళ్దామంటే అమ్మకు మళ్ళీ వేరే వీసా కావాలి. అంత టైం లేదు. ఒక ఆదివారం సోఫాలోంచి ఎగిరి గంతేశాడు. "దొరికింది! అమ్మా, మన స్టేట్‌లోనే ఉంది. కోజియస్కో కొండ దగ్గర. గ్లేషియల్ లేక్ అట. లేక్ ఉందంటే గ్లేషియర్ కూడా ఉన్నట్టే కదా? వాక్ కూడా చిన్నదే, జస్ట్ టెన్ మినిట్స్. వీల్‌చెయిర్ కూడా పోతుంది!" అంటూ ఫోన్ తీసుకెళ్ళి ఆవిడ ముఖం ముందు పెట్టాడు.

ఆవిడ ఫోన్ వైపు తల వంచి, "అబ్బో, భలే ఉందిరా," అన్నారు.

ఎవరు అక్షరం తప్పు పలికినా ఊరుకోని పంతులమ్మ ఆవిడ. పెళ్ళి శుభలేఖలో కూడా ఎర్రసిరాతో దిద్దిన మనిషి. ఆ రోజు కొడుకు మాటలో ఏమీ దిద్దలేదు. నేను పట్టించుకోలేదు. నాకు కావలసింది, వెళ్ళేలోగా ఆవిడ కోరిక తీర్చేశామనిపించుకోవడం. ఆరు నెలలు పిల్లను పెంచి పెట్టినందుకు ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా అని నా మనసుకు నేనే సర్దిచెప్పుకుంటున్నాను.

ఆరు గంటల ప్రయాణం. వెనక సీటులో పిల్ల పక్కన ఆవిడ. దారిపొడవునా ఎండిన గడ్డి కొండలు, గొర్రెలు, మళ్ళీ గొర్రెలు. గోల్బర్న్‌లో మూడంతస్తుల సిమెంటు గొర్రె ఒకటుంటుంది, అందరూ ఆగి ఫోటో తీసుకుంటారు. మేమూ ఆగాం. "చూడమ్మా ఎంతుందో!" అన్నాడు ఆయన. "ఆఁ ఆఁ, బాగా పెద్దదే," అన్నారు ఆవిడ కారు దిగకుండానే. కూమాలో పార్కు బల్ల మీద పులిహోర తిన్నాం. ఆవిడ ప్లేటు చుట్టూ బల్లంతా మెతుకులే. పిల్లకన్నా మీరే ఎక్కువ ఒలకబోశారని నేను ఎగతాళి చేశాను. ఆవిడ కూడా నవ్వి, చేత్తో తడుముతూ మెతుకులన్నీ ఏరారు.

రాత్రి జిండబైన్‌లో ఉండి, పొద్దున్నే కొండెక్కాం. రోడ్డు ఎక్కడ ఆగిపోతుందో అక్కడే ఆ బాట మొదలు. వేసవి వస్తున్నా అక్కడ చలి ఎముకలు కొరికేస్తోంది. కారు తలుపు తీయగానే ఈడ్చి కొట్టే గాలి. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. "మీరిద్దరూ వెళ్ళిరండి, నేను దీన్ని కార్లో పడుకోబెడతా," అన్నాడు మా ఆయన. "అమ్మకు సరిగ్గా చూపించు, ఫోటోలు తియ్యి."

చెక్కలు పరిచిన బాట. రెండు పక్కలా మెలికలు తిరిగిన స్నోగమ్ అనే నీలగిరి జాతి చెట్లు. వాటిలో సగం చచ్చిపోయినవే. బెరడు ఊడి, తెల్లగా, బొమికల్లా నిలబడి ఉన్నాయి. కొన్ని ఎప్పటి మంటల్లోనో కాలినవి, కొన్ని పురుగు పట్టినవి అని ఎవరో చెప్పగా విన్నాను. అత్తయ్య నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని అడుగు తీసి అడుగు వేస్తున్నారు. మోకాళ్ళ నొప్పులనుకున్నాను. ఎదురొచ్చిన ముసలి జంట "గుడ్ డే" అంటే, ఆవిడ కాస్త పక్కకు తిరిగి చెట్టుకు నమస్కారం పెట్టారు. చలికి కళ్ళు చెమర్చాయేమో అనుకున్నాను. ఆ రోజు నేను అనుకోనిది లేదు.

బాట చివర ఒక చెక్కవేదిక, దాని ముందు బోర్డు. ఆవిడకు చదివి వినిపిద్దామని నేను ముందుగా కళ్ళతో చదివాను. హిమానీనదాలు ఇక్కడ ఉండేవట. వేల ఏళ్ళ కిందట. అవి తొలిచిన గుంటల్లో నీళ్ళు నిలిచి సరస్సులయ్యాయట. ఇప్పుడు లేవు. లోయకు అవతల, ఎదురుగా ఉన్న కొండ నడుము మీద మాసిన మంచు చారలు రెండు మూడు. పోయిన చలికాలం కురిసి, కరగకుండా మిగిలిపోయినవి. ఇంకో నెలకు అవీ ఉండవు.

గ్లేషియల్‌కీ గ్లేషియర్‌కీ తేడా తెలియని ఇంజనీరు మొగుణ్ణి ఏమనాలో తోచలేదు. ఆరు గంటలు కూర్చోబెట్టి తెచ్చాం. ఇప్పుడు లేదని ఎలా చెప్పడం? అప్పుడు నాకొచ్చిన ఆలోచన దాచుకోకుండా రాస్తాను. ఆవిడ కళ్ళకు అంత తేడా ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. అనుకుని చెయ్యెత్తి ఎదురుగా కొండ మీదికి చూపించాను. "అదిగో అత్తయ్యా, మీ హిమానీనదం!"

ఆవిడ చెంగు సర్దుకుని, నిటారుగా నిలబడి, చేతులు కట్టుకుని చూశారు. చాలాసేపు చూశారు. "ఎంత తెల్లగా ఉందే అమ్మాయ్! ఎంత పొడుగుందో! ఇన్నాళ్ళకు చూశాను," అన్నారు.

ఆవిడ చూస్తున్నది ఎడమవైపు. అటు కొండా లేదు, మంచూ లేదు. ఓ గట్టు, దాని మీద చచ్చిన చెట్లు.

"అత్తయ్యా, ఎటు చూస్తున్నారు?"

"నువ్వు చూపించినవైపే."

"నేనెటు చూపించాను?"

గాలికి ఆవిడ శాలువా కొస రెపరెపలాడుతోంది. దాన్ని లాగి కప్పుకుని చిన్నగా అన్నారు. "గాలి అటునుంచే కదే కొడుతోంది. చల్లదనం ఎటునుంచొస్తే మంచు అటే ఉంటుందనుకున్నా."

ఆవిడ ముఖం ముందు చెయ్యి పెట్టాను. "ఇది కనపడుతోందా?"

"ఏదో ఉందని తెలుస్తోంది."

"ఎన్ని వేళ్ళు?"

"ఇప్పుడా పరీక్షలన్నీ ఎందుకే, చలేస్తోంది పద."

"ఎన్నాళ్ళయింది అత్తయ్యా?"

"దసరాకు ముందునుంచి. అంచులెంబడి కాస్త మసగ్గా తెలుస్తుంది. మధ్యలో ఏమీ ఉండదు."

వెంటనే నాకు జాలి కలిగిందని రాస్తే బాగుంటుంది. కలగలేదు. నాకు పుట్టింది భయం, ఆ వెనకే కోపం. రెండు నెలలుగా నేను రోజూ పొద్దున్నే పిల్లను ఈవిడ చేతుల్లో పెట్టి రైలెక్కుతున్నాను! "మీకసలు బుద్ధుందా?" అని అరిచాను. జీవితంలో ఎప్పుడూ ఆవిడను అంత మాట అనలేదు. "కళ్ళు కనపడకుండా నా బిడ్డను ఎలా ఉంచుకున్నారు? అది ఏ ప్లగ్గులోనో వేలు పెడితే? మెట్ల మీదనుంచి దొర్లితే? ఎవరు బాధ్యులు?"

ఆవిడకు కోపం రాలేదు. క్లాసులో మొద్దు విద్యార్థికి రెండోసారి చెప్పినట్టు ఓపిగ్గా చెప్పారు. "మువ్వలెందుకు తొడిగాననుకున్నావు? అది ఏ గదిలో ఉందో, కదులుతోందో ఆగిందో, అన్నీ వినపడుతూనే ఉంటాయి. ఆగిందంటే ఏదో నోట్లో పెట్టుకుందన్నమాట, గభాలున వెళ్ళి నోట్లో వేలు పెట్టేదాన్ని. మీరు వెళ్ళగానే మెట్ల దగ్గర కుర్చీలు అడ్డంపెట్టేదాన్ని. స్టవ్ ముట్టుకోలేదు. పాలపొడి చెంచాను వేలితో గీసి కొలిచేదాన్ని. దానికి ఒక్క గీత పడిందా చెప్పు."

పడలేదు. పిల్ల బొద్దుగా, నిగనిగలాడుతూ ఉంది. ఆ పట్టీలను నేను రెండుసార్లు ఊడదీశాను. ఆ రెండు పూటలూ ఆవిడ ఇల్లంతా ఎలా తడుముకుంటూ తిరిగారో!

"పిల్లను చూసుకోడానికి చూపెందుకే? చేతులు చాలవూ?" అని నవ్వబోయారు. నవ్వు రాలేదు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏమయ్యేది? మర్నాడే నన్ను విమానమెక్కించేవాళ్ళు. నువ్వు ఉద్యోగం మానేసేదానివి." రెండు చేతులతో వేదిక కమ్మీ పట్టుకున్నారు. "మీ ఆయన పుట్టినప్పుడు నాకు పోస్టింగొచ్చింది. పిల్లాణ్ణి ఉంచుకునేవాళ్ళు లేక చేరలేకపోయాను. మళ్ళీ రావడానికి నాలుగేళ్ళు పట్టింది. ఆ నాలుగేళ్ళూ మా ఇంట్లో ప్రతి గిన్నె మీదా నాకు కోపమే. నువ్వు ఆగస్టులో ఆఫీసుకు బయల్దేరిన రోజున నీ అడుగుల చప్పుడే మారిపోయింది. అది నాకు వినపడింది."

నేను ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు. గాలి తగ్గేదాకా అలాగే నిలబడ్డాం.

"ఇంతకీ అక్కడున్నదేమిటి? నిజం చెప్పు," అన్నారు చివరికి.

"కాస్త మంచు. పోయిన చలికాలానిది. మాసిపోయి ఉంది."

"అంతేగా. ఈ గడ్డ మీద హిమానీనదం లేదని మా పాఠంలోనే ఉంది. వాడు ఎనిమిదిలో నా క్లాసులోనే, మూడో బెంచీలో కూచున్నాడు. ఒక్క ముక్క బుర్రకెక్కలేదు వెధవకి."

"తెలిసి ఎందుకొచ్చారు అత్తయ్యా?"

"చూపిస్తానని వాడంత సంబరపడుతుంటే కాదనబుద్ధి కాలేదు. పైగా వాడు ఫోన్లో ఏం పెట్టాడో నాకు కనపడితేగా." అప్పుడు నా చెయ్యి కాస్త నొక్కారు. "వాడికి ఇప్పుడే చెప్పకు. ఆరు గంటలు బండి నడపాలి."

కారు దగ్గర మా ఆయన పిల్లను ఎత్తుకుని ఎదురొచ్చాడు. "ఎలా ఉందమ్మా గ్లేషియర్?"

"బ్రహ్మాండంగా ఉందిరా," అన్నారు ఆవిడ.

ఇంటికి చేరాక చెప్పాను. ఆయన చీటీని ఫ్రిజ్ మీదనుంచి తీసి, పొద్దుపోయేదాకా చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. తెల్లారగానే నేనే జీపీకి ఫోన్ చేశాను. నాలుగు రోజుల్లో కంటి స్పెషలిస్టు దొరికింది. దొరకడం గగనమని నేను ఆవిడకు చెప్పుకొచ్చిన అపాయింట్‌మెంట్, నాలుగు రోజుల్లో.

ఆ డాక్టరు వయసులో పెద్దావిడ, నిదానంగా మాట్లాడే మనిషి. యంత్రంలో గడ్డం పెట్టించి చాలాసేపు చూసింది. ఇక పోయిన చూపు తిరిగి రాదని, లోపల మచ్చ కట్టేసిందని, ఇప్పుడు ఇంజెక్షన్ ఇచ్చినా మిగిలిన అంచు చూపును నిలబెట్టడానికేనని చెప్పింది. తరవాత, తప్పుపట్టినట్టు కాకుండా, మామూలుగానే అడిగింది. ఆరు నెలలు ఇంజెక్షన్లు ఎందుకు ఆపారు?

అత్తయ్యకు ఇంగ్లీషు అర్థమవుతుంది గానీ మాట్లాడటానికి బెరుకు. అన్నీ నేనే అటూ ఇటూ చెబుతున్నాను. ఆ ప్రశ్న కూడా తెలుగులో చెప్పాను. ఆవిడ డాక్టరు ఉన్న వైపుకు కాకుండా కిటికీ వైపు తిరిగి, "నా అశ్రద్ధేనని చెప్పు అమ్మాయ్," అన్నారు.

నేను నోరు తెరిచాను. ఫోన్ చెయ్యనిది నేనని, ఆవిడ ఒకసారి అడిగారని, రెండోసారి అడగనివ్వలేదని చెప్పాలి. ఇంగ్లీషు మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. డాక్టరు నావైపే చూస్తోంది.

"షి సేస్ ఇట్ వాజ్ హర్ ఓన్ నెగ్లెక్ట్," అన్నాను.

డాక్టరు అది రాసుకుంది. రాసుకుని అత్తయ్య భుజం మీద చెయ్యి వేసి, ఇలాంటివి ఎప్పుడూ నిర్లక్ష్యం చెయ్యకూడదు, చూశారా ఎంత నష్టం జరిగిందో అని మెల్లగా మందలించింది. అత్తయ్య తల వంచుకుని, "సారీ డాక్టర్," అన్నారు.